ఒక గడి మారితే మొత్తం మారాలి: నల్లబల్ల నుంచి మన ఫోన్ ఫారమ్ దాకా

ఈరోజు ఎపిసోడ్ చాలా చిన్న విషయం గురించి. ఎంత చిన్నదంటే, రోజూ చూస్తాం, కానీ ఎప్పుడూ గమనించం.

ఫోన్‌లో ఏదైనా లోన్ కాలిక్యులేటర్ తెరవండి. 5 లక్షలు, 10 శాతం వడ్డీ, 60 నెలలు అని పెట్టండి. కింద ఈఎంఐ 10,624 అని వస్తుంది. ఇప్పుడు ఆ స్లైడర్‌ని వేలితో 72 నెలలకు జరపండి. మీ వేలు జరుగుతుండగానే కింద అంకె కూడా దిగుతూ 9,263 దగ్గర ఆగుతుంది. మీరు ఏ బటనూ నొక్కలేదు. "లెక్క కట్టు" అని ఎవరికీ చెప్పలేదు. అయినా లెక్క అయిపోయింది.

ఇలా వేరే గడుల మీద ఆధారపడి తనంతట తానే మారే గడిని మా ప్రోగ్రామర్ల భాషలో కాలిక్యులేటెడ్ ఫీల్డ్ అంటాం. చూస్తే రెండు లైన్ల కోడ్ అనిపిస్తుంది. బీటెక్ ఫస్టియర్ కుర్రాడు కూడా రాసేస్తాడనిపిస్తుంది. కానీ ఈ రెండు లైన్ల వెనక యాభై ఏళ్లకు పైగా చరిత్ర ఉంది. అందులో ఒక నల్లబల్ల ఉంది, ఒక పేటెంట్ గొడవ ఉంది, ఇప్పటికీ మన యాప్‌లలో దొరుకుతున్న కొన్ని పాత తప్పులూ ఉన్నాయి. చివర్లో ఒక డబ్బు విషయం కూడా ఉంది, అది కోడ్ రాయని వాళ్లకు కూడా పనికొస్తుంది. కాబట్టి చివరిదాకా ఉండండి.

తుడిచి మళ్లీ రాయడం

1978. అమెరికాలోని హార్వర్డ్ బిజినెస్ స్కూల్. డాన్ బ్రిక్లిన్ అనే స్టూడెంట్ క్లాసులో కూర్చున్నాడు. ఈయన అప్పటికే కంప్యూటర్ కంపెనీలో పనిచేసి, వర్డ్ ప్రాసెసింగ్ సాఫ్ట్‌వేర్ రాసి, ఆ తర్వాత ఎంబీఏకి వచ్చిన మనిషి. ప్రొఫెసర్ నల్లబల్ల మీద ఒక పెద్ద పట్టిక వేసి లెక్కలు నింపుతున్నారు. మధ్యలో ఒక అంకె మార్చాల్సి వచ్చింది. ఒక అంకె మారితే పక్క గడి మారాలి, అది మారితే దాని కింద మొత్తం మారాలి, ఆ మొత్తం మారితే ఇంకో గడి మారాలి. ఒక్కొక్కటీ తుడవడం, మళ్లీ రాయడం.

మన ఊళ్లో చిట్టా, ఆవర్జా రాసిన గుమస్తాలకు ఈ బాధ బాగా తెలుసు. ఒక పద్దు తప్పు పడితే ఆ పేజీ అడుగున ఉన్న మొత్తం తప్పు, అక్కణ్ణుంచి తర్వాతి పేజీకి ఎత్తి రాసిన మొత్తం కూడా తప్పే. ఎక్కాలు ఎంత బాగా వచ్చినా సరే, పని మాత్రం తగ్గదు.

బ్రిక్లిన్‌కి వచ్చిన ఆలోచన ఏంటంటే, ఆ నల్లబల్లకే లెక్క వస్తే? ఒక గడిలో అంకె మార్చగానే, దానితో సంబంధం ఉన్న గడులన్నీ తమంతట తామే మారిపోతే?

అప్పుగా తెచ్చుకున్న ఒక యాపిల్ టూ కంప్యూటర్ మీద బేసిక్ భాషలో నమూనా తయారుచేశాడు. తర్వాత ఎంఐటీ రోజుల నుంచి స్నేహితుడైన బాబ్ ఫ్రాంక్‌స్టన్ అసలు ప్రోగ్రామ్ రాశాడు. ఇద్దరూ కలిసి 1979 మొదట్లో సాఫ్ట్‌వేర్ ఆర్ట్స్ అనే కంపెనీ పెట్టారు. అదే ఏడాది విజికాల్క్ పేరుతో ఆ ప్రోగ్రామ్ మార్కెట్లోకి వచ్చింది. 63 నిలువు వరసలు, 254 అడ్డు వరసలు. ఆ కంప్యూటర్ మెమరీ ఎంతో తెలుసా? పదుల కిలోబైట్లు. ఇవాళ వాట్సాప్‌లో మనం పంపే ఒక గుడ్ మార్నింగ్ ఫొటో కూడా అందులో పట్టదు.

అయినా అంకె మార్చగానే షీట్ మొత్తం తిరిగి లెక్క కట్టేది. వ్యాపారాలు చేసేవాళ్లు ఈ ఒక్క ప్రోగ్రామ్ కోసం యాపిల్ టూ కొన్నారు. కంప్యూటర్ కోసం సాఫ్ట్‌వేర్ కాదు, సాఫ్ట్‌వేర్ కోసం కంప్యూటర్ అన్నమాట.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. కంప్యూటర్లు అంతకుముందు కూడా లెక్కలు చేసేవి. మరి కొత్తదనం ఏంటి? అంతకుముందు లెక్క అంటే అడిగి, ఎదురుచూసి, జవాబు తీసుకోవడం. ఇప్పుడు "అద్దె ఇంకో రెండు వేలు పెరిగితే?" "సరుకు పది శాతం తక్కువ అమ్ముడుపోతే?" అని ఎన్నిసార్లైనా, ఎవరి మొహం చూడకుండా అడగొచ్చు. "ఇలా అయితే ఎలా?" అని అడిగే ధైర్యం మామూలు మనిషి చేతికి వచ్చింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీనితో మళ్లీ పని ఉంది.

ఏది ముందు, ఏది తర్వాత

ఇప్పుడు అసలు చిక్కు. షీట్‌లో వంద గడులున్నాయి. ఒకటి మారింది. మిగతావాటిని ఏ వరసలో లెక్క కట్టాలి?

విజికాల్క్ చేసిన పని సింపుల్. పైనుంచి కిందికి వరసవారీగా గానీ, ఎడమ నుంచి కుడికి నిలువు వరసల చొప్పున గానీ, మీరు ఏది చెబితే అలా వెళ్లిపోతుంది. ఇందులో సమస్య ఎక్కడొస్తుందో చూడండి. ఒక బిల్లు ఉందనుకోండి. పైన డిస్కౌంట్ గడి. ఆ డిస్కౌంట్ అడుగున ఉన్న మొత్తం మీద ఆధారపడింది. పైనుంచి లెక్క మొదలుపెడితే, డిస్కౌంట్ దగ్గరికి వచ్చేసరికి కింద మొత్తం ఇంకా పాతదే. కాబట్టి డిస్కౌంట్ పాత మొత్తం మీద పడుతుంది. తెరమీద కనిపించే అంకె తప్పు. అలాంటప్పుడు ఆశ్చర్యార్థకం గుర్తు ఉన్న మీట నొక్కి ఇంకోసారి లెక్క కట్టించాలి. కొన్ని షీట్లకు ఆ మీట రెండు మూడు సార్లు నొక్కాల్సి వచ్చేది.

విచిత్రం ఏంటంటే, ఈ చిక్కుకు పరిష్కారం విజికాల్క్ కంటే పదేళ్ల ముందే ఉంది. 1969లో రెనే పార్డో, రెమీ లాండౌ అనే ఇద్దరు లాన్‌పార్ అనే ప్రోగ్రామ్ తయారుచేశారు. పెద్ద కంప్యూటర్ల మీద నడిచేది. బెల్ కెనడా, జనరల్ మోటార్స్ లాంటి సంస్థలు బడ్జెట్లు వేసుకోవడానికి వాడాయి. అందులో గడులను మీరు ఏ వరసలో పెట్టినా సరే, ఏది దేనిమీద ఆధారపడిందో ప్రోగ్రామే చూసుకుని సరైన క్రమంలో లెక్క కట్టేది. 1970లో పేటెంట్‌కి దరఖాస్తు చేస్తే, ఇది గణితం, కనిపెట్టడం కాదు అని పేటెంట్ ఆఫీసు తోసిపుచ్చింది. కోర్టుదాకా వెళ్లి, చివరికి 1983లో పేటెంట్ వచ్చింది. పన్నెండేళ్లకు పైగా పోరాటం. అటు బ్రిక్లిన్, ఫ్రాంక్‌స్టన్‌లు అసలు పేటెంటే తీసుకోలేదు.

అదే 1983 జనవరిలో లోటస్ 1-2-3 వచ్చింది. మిచ్ కేపర్, జోనథన్ శాక్స్‌ల ప్రోగ్రామ్. ఐబీఎం పీసీ మీద నడిచేది. ఇందులో సహజ క్రమంలో లెక్క కట్టడం ఉంది, అంటే ఆధారం ముందు, ఆధారపడినది తర్వాత. రెండేళ్లు తిరిగేసరికి విజికాల్క్ తయారుచేసిన సాఫ్ట్‌వేర్ ఆర్ట్స్‌ని లోటస్ కంపెనీయే కొనేసింది. లోటస్‌లో చేత్తో లెక్క కట్టించాలంటే ఎఫ్9 మీట. ఇవాళ మీ ఆఫీసు ఎక్సెల్‌లో ఎఫ్9 నొక్కి చూడండి. అదే పని చేస్తుంది.

1985లో మెకింతోష్ మీద ఎక్సెల్ వచ్చింది. అది ఇంకో అడుగు ముందుకేసింది. షీట్ మొత్తం ఎందుకు, మారిన గడి మీద ఆధారపడిన వాటినే తిరిగి లెక్క కడితే చాలు కదా?

ఇంజనీరింగ్ వాళ్లు ఈపాటికి గుర్తుపట్టి ఉంటారు. డేటా స్ట్రక్చర్స్ సబ్జెక్టులో గ్రాఫ్, టోపోలాజికల్ సార్ట్ అని చదువుకున్నాం. ఆర్థర్ కాన్ ఆ పద్ధతి ప్రచురించింది 1962లో. "ఇది ఎక్కడ వాడతారు సార్?" అని మనం అడిగితే "ఎగ్జామ్‌లో వస్తుంది రాసుకోండి" అనే జవాబు వచ్చింది కదా. ఇదిగో, ఇక్కడ వాడతారు. మీరు స్లైడర్ జరిపిన ప్రతిసారీ ఎక్కడో అదే ఆలోచన పనిచేస్తుంది.

వెబ్ వచ్చాక వెనక్కి నడిచాం

తొంభైల్లో వెబ్ వచ్చింది. ఫారమ్‌లు వచ్చాయి. తమాషా ఏంటంటే లెక్క మళ్లీ పాత కాలానికి వెళ్లింది. ఫారమ్ నింపు, సబ్‌మిట్ నొక్కు, ఎక్కడో ఉన్న సర్వర్ లెక్క కడుతుంది, పేజీ మొత్తం తిరిగి లోడ్ అవుతుంది. ఇంటర్నెట్ సెంటర్లో గంటకి ఇంత అని డబ్బు కట్టి, ఆ తెల్ల పేజీ వైపు చూస్తూ కూర్చున్న అన్నయ్యలను అడగండి, కథలు కథలుగా చెబుతారు.

1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో ఒక భాష తయారుచేశాడు. అదే జావాస్క్రిప్ట్. దానికి మొదట్లో దొరికిన పనుల్లో ఒకటి ఇదే: ఫారమ్‌లో నింపినది సరిగ్గా ఉందా చూడటం, సర్వర్ దాకా వెళ్లకుండా అక్కడికక్కడే మొత్తం కూడటం.

కానీ లోటస్‌లో ఉన్న తెలివి ఇక్కడ లేదు. ఇక్కడ ప్రోగ్రామరే గుర్తుపెట్టుకోవాలి: పరిమాణం మారితే మొత్తం మార్చు, ధర మారితే మొత్తం మార్చు, డిస్కౌంట్ మారినా మార్చు, మొత్తం మారితే పన్ను మార్చు. పది గడులుంటే ఏదో ఒకటి మర్చిపోవడం ఖాయం. మర్చిపోయిన చోట తెరమీద పాత అంకె అలాగే ఉండిపోతుంది.

మొబైల్‌లోనూ ఇదే కథ. స్మార్ట్‌ఫోన్లకు ముందు మన చేతుల్లో ఉన్న బటన్ ఫోన్లలో జావా యాప్‌లు నడిచేవి, గుర్తుందా? వాటిలో ఫారమ్ గడి మారిందని చెప్పే ఏర్పాటు ఉండేది. కానీ ప్రతి అక్షరానికీ చెప్పి తీరాలని నియమం లేదు. ఎప్పుడు చెప్పాలన్నది ఫోన్ ఇష్టం. ఇంకో గడిలో మార్పు చెప్పేలోపు, లేదా బటన్ నొక్కిన పని మొదలయ్యేలోపు చెబితే చాలు. కాబట్టి ఒకే యాప్ ఒక ఫోన్‌లో వెంటనే లెక్క కడితే, ఇంకో ఫోన్‌లో గడి దాటాక కట్టేది.

2008లో ఆండ్రాయిడ్ వచ్చింది. అందులో టెక్స్ట్‌వాచర్ అని ఒకటి ఉంది. గడిలో ఒక్క అక్షరం మారినా మనకు కబురు పంపుతుంది. అబ్బా, సమస్య తీరిందనుకుంటారు. అక్కడే కొత్తది మొదలవుతుంది. 100000 అని టైప్ చేస్తే మనం కామాలు పెట్టి 1,00,000 అని చూపిద్దామనుకుంటాం. కామా పెట్టడమంటే గడిని మార్చడమే. గడి మారింది కాబట్టి మళ్లీ కబురు. మళ్లీ కామా, మళ్లీ కబురు. అలా యాప్ తనలో తానే తిరుగుతూ ఉండిపోతుంది. గూగుల్ వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే ఈ అంతులేని చుట్టు గురించి హెచ్చరిక ఉంది. దాన్ని దాటితే కర్సర్ సమస్య. కామా పడగానే కర్సర్ ఎగిరి ఎక్కడికో పోతుంది. యూజర్ సున్నా కొడితే అది ముందుకొచ్చి కూర్చుంటుంది. డబ్బు గడిలో సున్నా చోటు మారితే ఎంత ప్రమాదమో నేను చెప్పక్కర్లేదు.

షాపులో కాలిక్యులేటర్ పక్కన కాలిక్యులేటర్

నాకు తెలిసిన ఒక కిరాణా షాపు బాబాయి ఉన్నారు. బిల్లింగ్ యాప్ వాడతారు. ఏ యాప్ అన్నది వదిలేయండి. ఒకరోజు చూస్తే ఫోన్ పక్కనే పాత పెద్ద బటన్ల కాలిక్యులేటర్ పెట్టుకుని, యాప్‌లో బిల్లు వేసి, దాన్నే మళ్లీ కాలిక్యులేటర్‌లో కొడుతున్నారు.

"ఏంటి బాబాయ్, యాప్ కూడుతుంది కదా?" అన్నాను.

"కూడుద్దిరా. కానీ తగ్గింపు కొట్టాక ఒక్కోసారి పాత మొత్తమే చూపిస్తది. వేరే గడి మీద నొక్కితే గానీ మారదు. ఆ సంగతి మర్చిపోయి చెప్పానంటే, కస్టమర్ ముందు నేను దొంగనవుతా."

ఆ చివరి మాట విన్నాక నాకు ఈ ఎపిసోడ్ చేయాలనిపించింది. మేం ప్రోగ్రామర్లం దాన్ని "అప్‌డేట్ లేటయింది, చిన్న బగ్" అంటాం. ఆయనకు అది పరువు. ముప్పై ఏళ్లుగా అదే వీధిలో సంపాదించుకున్న నమ్మకం. తప్పు అంకె చూపించిన యాప్‌ని ఎవరూ తిట్టరు, ఆ అంకె పైకి చదివిన మనిషినే తిడతారు.

మళ్లీ స్ప్రెడ్‌షీట్ దగ్గరికే

సరే, పరిష్కారం ఎలా వచ్చింది? కొత్తగా రాలేదు. లాన్‌పార్, లోటస్, ఎక్సెల్ చేసిన పనినే యాప్‌లలోకి తెచ్చుకున్నాం.

1997లో కోనల్ ఎలియట్, పాల్ హుడాక్ అనే ఇద్దరు ఒక పరిశోధన పత్రం రాశారు. కాలంతో పాటు మారే విలువల గురించి "ఇది మారినప్పుడు అది చేయి" అని కాకుండా "ఇది ఎప్పుడూ దాని రెట్టింపు" అని ఒక్కసారి చెప్పేయొచ్చు అన్నారు. ఫంక్షనల్ రియాక్టివ్ ప్రోగ్రామింగ్ అనే పేరు అక్కడి నుంచి వచ్చిందే. 2010లో స్టీవ్ శాండర్సన్ నాకౌట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ విడుదల చేశాడు. అందులో ఫార్ములా రాస్తే చాలు, ఏ గడి దేనిమీద ఆధారపడిందో అదే కనిపెట్టుకుంటుంది. 2013లో ఫేస్‌బుక్ నుంచి రియాక్ట్ బయటికొచ్చింది. ఆ తర్వాత ఇవాన్ యూ తయారుచేసిన వ్యూ. మొబైల్ వైపు 2018 చివర్లో ఫ్లట్టర్ 1.0, 2019లో యాపిల్ స్విఫ్ట్‌యూఐ, 2021లో ఆండ్రాయిడ్‌కి జెట్‌ప్యాక్ కంపోజ్ 1.0.

వీటన్నిటి వివరాలు వేరువేరు. కానీ ఒక నీతి మాత్రం ఉమ్మడిది. లెక్క కట్టి తెలుసుకోగలిగిన దాన్ని విడిగా దాచిపెట్టకు. ధర ఉంది, పరిమాణం ఉంది, మరి మొత్తాన్ని ఇంకో డబ్బాలో ఎందుకు దాచాలి? దాస్తే ఎప్పుడో ఒకప్పుడు అది పాతబడుతుంది. అవసరమైనప్పుడు లెక్క కట్టి చూపించు, అంతే. మన బాబాయి యాప్‌లో మొత్తం ఒక డబ్బా, తగ్గింపు ఇంకో డబ్బా అయి ఉంటుంది. ఒకటి మారినప్పుడు రెండోదాన్ని తట్టి లేపేవాడు లేడు.

అంత అయిపోలేదు, ఇంకో నాలుగు గోతులు

ఒకటి, రెండువైపులా మారే గడులు. బిల్లులో పన్ను లేని ధర ఒక గడి, 18 శాతం జీఎస్టీతో కలిపిన ధర ఇంకో గడి. ఏది కొట్టినా రెండోది రావాలి. కస్టమర్ 100 ఇస్తానన్నాడని కలిపిన ధరలో 100 కొట్టారు. పన్ను లేని ధర 84.75 అవుతుంది. ఇప్పుడు యాప్ దాన్ని చూసి మళ్లీ 18 శాతం కలిపితే 100.005. పైసలకు సవరిస్తే 100.01. అంటే యూజర్ తన చేత్తో 100 అని కొడితే, కళ్లముందే అది 100.01 అయిపోయింది! పైసా కోసం ఎవరూ ఏడవరు, కానీ "నేను కొట్టింది ఇది మార్చేసింది" అన్న అనుమానం మాత్రం పోదు. పరిష్కారం ఏంటంటే, యూజర్ చివరిగా ఏ గడిని ముట్టుకున్నాడో ఆ గడే రాజు. మిగతావి దాన్ని చూసి మారాలి గానీ, అవి తిరిగి రాజుని మార్చకూడదు.

రెండు, దశాంశాలు. ఏ బ్రౌజర్‌లోనైనా 0.1కి 0.2 కలిపితే 0.3 రాదు, 0.30000000000000004 వస్తుంది. బగ్ కాదు. 1985లో వచ్చిన ఐఈఈఈ 754 ప్రమాణం ప్రకారం కంప్యూటర్ అంకెలను రెండు గుర్తుల లెక్కలో దాచుకుంటుంది. మనకు మూడో వంతు దశాంశంలో తెగనట్టే, దానికి పదో వంతు తెగదు. అందుకే డబ్బుని రూపాయల్లో కాకుండా పైసల్లో, పూర్ణాంకంగా దాచుకోవాలి. 84.75 కాదు, 8475 పైసలు. చూపించేటప్పుడు మాత్రమే చుక్క పెట్టాలి.

మూడు, ఆలస్యంగా వచ్చే జవాబు. కొన్ని లెక్కలు ఫోన్‌లో కుదరవు, సర్వర్‌ని అడగాలి. డెలివరీ ఛార్జీ లాంటివి. యూజర్ 500 కిలోలు అని కొడుతున్నాడు. 5 కొట్టగానే ఒక ప్రశ్న వెళ్లింది, 50 దగ్గర ఇంకోటి, 500 దగ్గర మూడోది. మన ఊళ్లో సిగ్నల్ సంగతి తెలుసు కదా. 500 జవాబు ముందొచ్చి, 50 జవాబు ఆఖర్న వచ్చిందనుకోండి. గడిలో 500 కిలోలు, కింద ఛార్జీ మాత్రం 50 కిలోలది. అందుకే వేలు కాస్త ఆగాకే ప్రశ్న పంపాలి, పాత ప్రశ్నకు వచ్చిన జవాబుని పక్కన పడేయాలి, జవాబు వచ్చేదాకా పాత అంకెని అలాగే వదలకుండా "చూస్తున్నాం" అని చెప్పాలి. ఇంకో మాట, ఫోన్ చూపించిన మొత్తం చూపించడానికి మాత్రమే. డబ్బు తీసుకునే ముందు సర్వర్ తన లెక్క తాను మళ్లీ కట్టుకోవాల్సిందే. ఫోన్ నుంచి వచ్చిన అంకెని గుడ్డిగా నమ్మితే, ఎవడో ఒకడు లక్ష రూపాయల ఫోన్‌ని ఒక్క రూపాయికి కొనేస్తాడు.

నాలుగు, దీన్ని చాలామంది పట్టించుకోరు. కళ్లు కనిపించని వాళ్లు టాక్‌బ్యాక్ లాంటి వాటితో ఫోన్ వాడతారు. వాళ్ల వేలు పరిమాణం గడి మీద ఉంది, మొత్తం కింద ఎక్కడో మారింది. మారిందని వాళ్లకెలా తెలుస్తుంది? దీనికోసమే లైవ్ రీజియన్ అనే ఏర్పాటు ఉంది. వెబ్‌లోనూ ఉంది, ఆండ్రాయిడ్‌లో 2013లో వచ్చిన కిట్‌క్యాట్ నుంచీ ఉంది. ఆ గడికి ఒక్క గుర్తు పెడితే, మారినప్పుడు ఫోన్ దాన్ని చదివి వినిపిస్తుంది. ఒక్క లైన్ కోడ్. అది లేకపోతే, మిగతా అందరికీ కనిపించే మొత్తం వాళ్లకు మాత్రం బటన్ నొక్కాక గానీ తెలియదు.

ఏ గడి కదులుతుంది, ఏ గడి కదలదు

ఇప్పుడు మొదట్లో చెప్పిన డబ్బు విషయం. ఆ లోన్ దగ్గరికే వెళ్దాం. 60 నెలల నుంచి 72కి జరిపితే ఈఎంఐ 10,624 నుంచి 9,263కి దిగింది. నెలకు దాదాపు 1,361 రూపాయలు మిగులు. బాగుంది కదా? ఇప్పుడు మొత్తం కట్టేది చూద్దాం. 60 నెలలకు దాదాపు 6,37,400. 72 నెలలకు దాదాపు 6,66,900. అంటే మీరు సుమారు 29,500 రూపాయలు ఎక్కువ కడుతున్నారు.

ఇక్కడ ప్రశ్న ఏంటంటే, మీరు స్లైడర్ జరిపినప్పుడు ఆ యాప్ మీకు ఏ అంకెని కదిలించి చూపించింది? ఈఎంఐ ఒక్కటే పెద్దగా కదులుతూ, మొత్తం వడ్డీ ఇంకో పేజీలోనో, చిన్న అక్షరాల్లోనో ఉంటే, లెక్క తప్పు కాదు. ప్రతి అంకె కరెక్టే. అయినా మిమ్మల్ని ఒకవైపు నడిపించారు. కోడ్ రాసేవాడు ఏ గడిని లైవ్‌లో పెట్టాలో నిర్ణయించినప్పుడే, మీరు ఏ ప్రశ్న అడగాలో కూడా సగం నిర్ణయించేస్తున్నాడు.

ఇది గమనించింది మనం ఒక్కళ్లమే కాదు. 2024 అక్టోబర్ 1 నుంచి మంజూరయ్యే రిటైల్ లోన్లకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నియమం పెట్టింది. వడ్డీతో పాటు ఛార్జీలన్నీ కలిపితే ఏడాదికి ఎంత శాతం పడుతుందో అందులో చెప్పాలి. అలాగే 2023 నవంబర్‌లో కేంద్రం డార్క్ ప్యాటర్న్స్ మీద మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో డ్రిప్ ప్రైసింగ్ ఒకటి. మొదట ఒక ధర చూపించి, పేమెంట్ దగ్గరికి వచ్చాక కొత్త ఛార్జీలు బొట్టుబొట్టుగా కలపడం. అంటే లైవ్‌లో మారగలిగిన మొత్తాన్ని కావాలనే చివరిదాకా దాచడం. టెక్నాలజీ 1979 నుంచీ ఉంది. చూపించకపోవడం టెక్నాలజీ లోపం కాదు.

విజికాల్క్ గొప్పతనం ఏంటని చెప్పుకున్నాం? "ఇలా అయితే ఎలా?" అని అడిగే శక్తి మామూలు మనిషి చేతికి వచ్చింది. ఆ షీట్‌లో ఫార్ములా రాసుకున్నదీ మనిషే, చూసుకున్నదీ మనిషే. ఇవాళ ఫార్ములా యాప్ దగ్గరుంది, స్లైడర్ మాత్రమే మన దగ్గరుంది. అందుకని ఇద్దరికి రెండు మాటలు.

యాప్‌లు రాసే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ: మీ ఫారమ్‌లో యూజర్ జేబుకి తగిలే ప్రతి అంకె, అతను బటన్ నొక్కకముందే, అతని కళ్లముందే కదలాలి. ఇంటర్వ్యూలో టోపోలాజికల్ సార్ట్ చెప్పగలిగితే ఉద్యోగం రావచ్చు. కానీ షాపులో బాబాయి రెండో కాలిక్యులేటర్ పక్కన పెట్టేస్తేనే మీ కోడ్ పాసైనట్టు.

యాప్‌లు వాడే మనందరికీ: కదులుతున్న అంకెని చూసి మురిసిపోకండి. కదలకుండా కూర్చున్నది ఏదో, అసలు తెరమీదే లేనిది ఏదో వెతకండి. లోన్ అయితే నెలకు ఎంత అని కాదు, మొత్తం ఎంత అని అడగండి. యాప్ చెప్పకపోతే ఫోన్‌లో స్ప్రెడ్‌షీట్ తెరిచి, ఒక గడిలో ఈఎంఐ, పక్క గడిలో నెలలు, మూడో గడిలో రెండిటి గుణకారం పెట్టండి. మూడు గడులు, అంతే. ఒకటి మార్చండి, మూడోది మారుతుంది. అప్పుడు ఫార్ములా మీదే, ప్రశ్న కూడా మీదే.

మీరు వాడే యాప్‌లలో ఏ గడి కదలాల్సి ఉండి కదలడం లేదో కామెంట్‌లో రాయండి. యాప్ పేరు కన్నా, ఏ అంకె దాస్తున్నారో రాయండి, అది అందరికీ ఉపయోగం. మళ్లీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.